పొరుగువాని మంచిపేరు

ధ్యానమునకు: నిర్గమకాండము 20:16, 1 రాజులు 21:1–16, మత్తయి 18:15–17



సీనాయి పర్వతమున దేవుడిచ్చిన పది ఆజ్ఞలలో దొంగతనమును నిషేధించు ఆజ్ఞ వెనువెంటనే, పొరుగువానిమీద అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞ యున్నది. ఈ రెండును ప్రక్కప్రక్కన నుండుట మనము ఆలోచింపదగిన సంగతి. ఒకని కొట్టములోని ఎద్దును తోలుకొనిపోయిన దొంగ పట్టుబడినయెడల ఆ ఎద్దును తిరిగి యజమానుని గుంజకు కట్టివేయవచ్చును. ఒకని మంచిపేరును తీసికొనిపోయినవాడు దానిని ఎక్కడనుండి తెచ్చి ఇయ్యగలడు? గొప్ప ఐశ్వర్యముకంటె మంచిపేరు కోరదగినదని సామెతలు 22:1 మనకు నేర్పుచున్నది. పేదవానికి తరచుగా అదియొక్కటే ఆస్తి. అతనికి దుకాణములో అప్పు పుట్టుటయు, కూలి దొరుకుటయు, కూతురికి సంబంధము కుదురుటయు ఆ పేరువలననే.

పూర్వము ఒకనిగూర్చిన చెడుమాట నూతిగట్టున పుట్టి, రచ్చబండ దాటి, ఊరి పొలిమేరకు చేరునప్పటికి సగము చచ్చెడిది. ఇప్పుడట్లు కాదు. ప్రతి యింటను చేతిఫోను ఉన్నది. ఎరువుల కొట్టుకు, నర్సింగు హోముకు, ట్రాక్టరు మెకానిక్కుకు, టెంటు హౌసుకు, బడికి, చివరకు సంఘ కాపరికి కూడ మనము చుక్కలు వేసి, మంచిదనియో చెడ్డదనియో వ్రాసి, వేలమంది చూచునట్లు పెట్టగలుగుచున్నాము. కోపము చల్లారకముందే వ్రేలు తన పని ముగించును. వ్రాసినవాడు మరచిపోయినను వ్రాత నిలిచియుండును. కాబట్టి ఈ నెల మనము, ఒకనిగూర్చి చెడుగా వ్రాయుటవలన వచ్చు అపాయమును దేవుని వాక్యపు వెలుగులోను, మన దేశపు చట్టపు వెలుగులోను ధ్యానింతము.

నాబోతును చంపిన ఉత్తరములు

యెజ్రెయేలీయుడైన నాబోతునకు ఒక ద్రాక్షతోట యుండెను. రాజైన అహాబు దానిని కోరెను. పితరుల స్వాస్థ్యమని నాబోతు ఇయ్యనొల్లకపోయెను. రాజు మంచమెక్కి, ముఖము త్రిప్పుకొని, భోజనము మానెను. అప్పుడు యెజెబెలు ఏమి చేసినదో చూడుడి. ఆమె కత్తి పట్టలేదు, సైన్యమును పంపలేదు. కూర్చుండి ఉత్తరములు వ్రాసి, వాటిమీద రాజు ముద్ర వేసి, ఆ పట్టణపు పెద్దలకు పంపెను. నాబోతు దేవునిని రాజును దూషించెనని చెప్పుటకు పనికిమాలిన ఇద్దరిని నిలువబెట్టించెను. ఉపవాసదినమని పేరు పెట్టి, జనులందరి యెదుట ఆ పని జరిగించెను. సాయంకాలమునకు తోట యజమానుడు ఊరి వెలుపల రాళ్లక్రింద నుండెను.

ఈ చరిత్రలో మూడు తరగతులవారు పాపములో పాలుపొందిరి. వ్రాసినది యెజెబెలు. అబద్ధము పలికినవారు ఆ యిద్దరు. అయితే ఆ ఉత్తరమును అందుకొని, విచారింపక, చెప్పినది చెప్పినట్లు జరిగించిన పెద్దల మాటయేమి? నాబోతు ఎట్టివాడో ఆ పట్టణపువారికి తెలియదా? అతనిని ఒక్కసారి పిలిచి అడిగినవాడు ఒక్కడైనను ఉండినట్లు అక్కడ వ్రాయబడలేదు. నేడు మనకొక నింద ఫోనులో వచ్చినప్పుడు, దానిని పదిమందికి పంపువారు ఆ పెద్దల వరుసలో నిలిచియున్నారు. వట్టి వర్తమానమును పుట్టింపకూడదనియు, దుష్టునితో చేయి కలిపి సాక్షిగా నిలువకూడదనియు నిర్గమకాండము 23:1 మనలను హెచ్చరించుచున్నది.

మోషే ధర్మశాస్త్రములో జుల్మానా

అపనిందను శిక్షించుట ఈ కాలపువారు కనిపెట్టిన సంగతి కాదు. ద్వితీయోపదేశకాండము 22:13–19 చదువుడి. ఒకడు తాను పెండ్లాడిన కన్యకమీద అవమానకరమైన నింద మోపి, అది అబద్ధమని తేలినయెడల, పెద్దలు వానిని శిక్షించి, నూరు వెండి రూకలు జుల్మానా వేసి, ఆ సొమ్మును ఆ చిన్నదాని తండ్రికి ఇప్పింపవలెను. ఏ కారణముచేత? వాడు ఇశ్రాయేలీయురాలైన ఒక కన్యకకు చెడ్డపేరు తెచ్చినందుకే. అదే గ్రంథము 19వ అధ్యాయములో, అబద్ధసాక్షి తన సహోదరునికి ఏ కీడు చేయనుద్దేశించెనో ఆ కీడే వానికి కలుగవలెనని విధింపబడినది. ఒక ఆడపిల్ల పేరును దేవుడు ఇంత విలువగా ఎంచెను.

మన దేశపు చట్టము

మన దేశములో 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి 499, 500 సెక్షనులలో పరువునష్టమును నేరముగా ఎంచెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందులో ఈ నేరము 356వ సెక్షనులో నున్నది. శిక్ష రెండేండ్లవరకు సాధారణ ఖైదు, లేక జుల్మానా, లేక రెండును, లేదా సమాజ సేవ. ఇట్టి శిక్ష రాజ్యాంగమునకు విరుద్ధము కాదని 2016 మే 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇదిగాక, నష్టపరిహారము కోరుచు సివిలు దావా కూడ వేయవచ్చును. దానికి గడువు ఒక సంవత్సరము. క్రిమినలు ఫిర్యాదునకు మూడేండ్లు.

నోటిమాట, వ్రాత, సైగ, బొమ్మ, ఇవన్నియు ఈ సెక్షను క్రిందికి వచ్చును. చట్టములోనే యున్న ఉదాహరణములు వింతగాను స్పష్టముగాను ఉన్నవి. ఒకని గడియారము పోయినది. ఎవడు దొంగిలించెనని అడుగగా, వేరొకడు నోరు తెరవకుండ ఫలానివాని వైపు వ్రేలు చూపెను. అది నింద. ఆ గడియారముతో ఫలానివాడు పారిపోవుచున్నట్లు బొమ్మ గీసెను. అదియు నింద. వాడు దొంగయని వినువారు నమ్మవలెనను తలంపుతోనే, "వాడు బహు నిజాయితీపరుడు, గడియారము వాడు తీయనే తీయడు" అని ఎగతాళిగా పొగడెను. అదియు నిందయే. కాబట్టి, "మేము పేరు వ్రాయలేదు, పొగడినాము గదా" అని తప్పించుకొనుటకు వీలులేదు. వినువారికి మనిషి తెలిసినయెడల అంతే చాలును. వ్యక్తులకే గాక కంపెనీకి, సంఘమునకు కూడ ఈ రక్షణ కలదు. చనిపోయినవానిమీద నింద వ్రాసి అతని యింటివారి మనస్సును గాయపరచుట కూడ ఇందులో చేరును.

చాలామంది ఎరుగని మరియొక సంగతి యున్నది. "మేము వ్రాసినది నిజమే" అనుట సివిలు దావాలో పూర్తి సమాధానము. క్రిమినలు కేసులో మాత్రము అంతటితో చాలదు. అది నిజమై యుండవలెను; అంతేగాక ప్రజాహితముకొరకు వెల్లడి కావలసినదై కూడ ఉండవలెను. ఒకని పాత పాపమును, ఎవరికిని మేలులేని గృహరహస్యమును, పగ తీర్చుకొనుటకై బయటపెట్టినవాడు నిజము చెప్పియు నేరస్థుడు కావచ్చును. తిరుగుచు కొండెములు చెప్పువాడు రహస్యములు బయలుపరచునని సామెతల గ్రంథము కూడ చెప్పుచున్నది. అక్కడ అతని తప్పు అబద్ధము కాదు, ప్రేమ లేకపోవుటయే.

అయితే పేదవాడు నోరు మూసికొనవలెనా?

కూడదు, ప్రియులారా. ఈ ధ్యానమును ఎవడును ఆ ప్రకారము త్రిప్పకుండును గాక. మోసగాడు పరువను మాటచాటున దాగి, మోసపోయినవానిని భయపెట్టుట దేవునికి అసహ్యము. చట్టము కూడ పది మినహాయింపులను ఉంచినది. మన హక్కును గాని ఇతరుల క్షేమమును గాని కాపాడుటకు సద్భావముతో చెప్పిన మాట, ఒకని మేలుకొరకు చేసిన హెచ్చరిక, అధికారము గలవారియొద్ద చేసిన ఫిర్యాదు, ఇవి నేరములు కావు. సద్భావమనగా మంచి ఉద్దేశమొకటే కాదు. తగిన జాగ్రత్తయు విచారణయు లేకుండ చేసినది సద్భావముతో చేసినదిగా చట్టము ఎంచదు.

అపొస్తలుడైన పౌలును చూడుడి. అలెక్సంద్రు అను కంచరివాడు అతనికి చాల కీడు చేసెను. పౌలు ఆ సంగతిని దాచలేదు. వాని పేరును, వృత్తిని కూడ తెలిపి, వానిని గూర్చి జాగ్రత్తపడుమని తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:14–15). కాని గమనింపుడి. పౌలు తనకు జరిగిన దానినే వ్రాసెను. తెలియవలసిన వానికి వ్రాసెను. వాని కుటుంబమును, కులమును, పుట్టుకను తిట్టలేదు. ప్రతిఫలమిచ్చు పనిని ప్రభువునకు విడిచిపెట్టెను. ఇది నింద కాదు, హెచ్చరిక.

మన ఊరి సంగతిగా చెప్పవలెనన్న, ఒక రైతు మిరప విత్తనములు కొని, నాటి, మోసపోయెననుకొందము. అతడు, "ఫలాని తేదీన ఈ కొట్టులో ఈ విత్తనములు కొన్నాము, బిల్లున్నది, పైరు చక్కగా పెరిగినను కాయ పట్టలేదు, అడుగగా సమాధానము రాలేదు" అని వ్రాసినయెడల, తాను రుజువు చేయగల దానినే చెప్పినవాడగును. అట్లుగాక, "వీడు దొంగ, వీని వంశమే దొంగల వంశము, నకిలీ సరకు తయారుచేయించి అమ్ముచున్నాడు" అని వ్రాసెననుకొనుడి. విత్తనము చెడిపోయినది నిజమే. దానిని కొట్టువాడే తయారుచేయించెనని అతడు ఎరుగునా? విత్తనము చెడ్డదై, వ్యాపారి దానిని ఎరుగక అమ్మియుండవచ్చును గదా? చూచినది చెప్పుట వేరు, ఊహించిన దానిని చూచినట్లు చెప్పుట వేరు. ఒక పుస్తకము తెలివిమాలినదని చెప్పి, అందులో కనబడినంతమట్టుకు దాని రచయితను విమర్శింపవచ్చుననియు, దానిని సాకుగా తీసికొని అతని నడతమీద వేరే నింద మోపకూడదనియు పై చట్టములోని మరియొక ఉదాహరణము చూపుచున్నది.

మరియు ఆ రైతుకు నష్టము తీరు మార్గము తిట్టులో లేదు. విత్తనముల సంచి, చీటీ, బిల్లు భద్రము చేసికొని, వెంటనే మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, పొలమును చూపింపవలెను. చెడ్డ విత్తనమువలన నష్టపోయిన రైతులు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చునని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ రైతులదే. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనులో రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించనియెడల ఫీజు లేదు. 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. పౌలు కూడ అన్యాయము జరిగినప్పుడు తన రోమా పౌరసత్వమును జ్ఞాపకము చేసి, కైసరు ఎదుట చెప్పుకొందుననెను. న్యాయమార్గమును వాడుకొనుట అవిశ్వాసము కాదు.

సంఘములో

మన సంఘములలో ఈ రోగము ఎక్కువగుచున్నది. కానుకల లెక్క తేలలేదనియో, కాపరి ఒక ఇంటికి వచ్చి మరియొక ఇంటికి రాలేదనియో, ఎన్నికలలో ఓడితిమనియో వాట్సాప్ గుంపులో వ్రాతలు మొదలగును. ప్రభువు ఇచ్చిన క్రమము మత్తయి 18వ అధ్యాయములో స్పష్టముగా నున్నది. మొదట నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు మాటలాడుము. విననియెడల ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పొమ్ము. అప్పటికిని విననియెడల సంఘమునకు చెప్పుము. మనమో, ఈ క్రమమును తలక్రిందుచేసి, లోకమునకు మొదట చెప్పి, సంఘమునకు తరువాత చెప్పి, ఆ సహోదరునికి ఎన్నడును చెప్పము. పెద్దమీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే గాని అంగీకరింపవద్దని పౌలు తిమోతికి ఆజ్ఞాపించెను. లెక్కలు అడుగుట తప్పు కాదు, అవి అడుగవలసినవే. సంఘ కమిటీలో, వ్రాతపూర్వకముగా, అందరి యెదుట అడుగుడి. లెక్క చూపవలసినవారు కూడ పరువు మాట యెత్తక లెక్క చూపుడి.

అయితే ఇక్కడ ఒక హద్దు ఉంచవలెను. స్త్రీకి గాని బిడ్డకు గాని దౌర్జన్యము జరిగినప్పుడు, ఒంటరిగా పోయి ఆ దుర్మార్గునితో మాటలాడుమని ఈ వాక్యము చూపి వారిని పంపుట క్రూరత్వము. అది నేరము గనుక పోలీసులకు చెప్పవలెను. అధికారులయొద్ద సద్భావముతో చేసిన ఫిర్యాదును చట్టము కాపాడును. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీలోని ఒక మేజిస్ట్రేటు కోర్టు, ఒక మాజీ కేంద్రమంత్రి వేసిన పరువునష్టపు కేసులో ప్రియా రమణి అను పత్రికా రచయిత్రిని నిర్దోషిగా విడిచిపెట్టుచు, స్త్రీ తన బాధను ఎన్నో సంవత్సరముల తరువాతనైనను చెప్పుకొను హక్కు కలదనెను. దానిమీద హైకోర్టులో అప్పీలు వేయబడినది. సంఘపు పేరు చెడునని బాధితురాలి నోరు మూయువారు, నాబోతు పట్టణపు పెద్దలవలె నిరపరాధిని బలియిచ్చువారే.

ముందుకు పంపువారు

"మేము వ్రాయలేదు, వచ్చినది పంపితిమి" అని అనేకులందురు. 2018లో తమిళనాట ఒక మాజీ శాసనసభ్యుడు, స్త్రీలైన పత్రికా విలేఖరులను కించపరచు ఒక వ్రాతను ఫేస్‌బుక్కులో ముందుకు పంపెను. చదువకయే పంపితిననియు, తరువాత తీసివేసి క్షమాపణ కోరితిననియు వాదించెను. 2023 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ కేసులను కొట్టివేయ నిరాకరించెను. ఆగస్టులో సుప్రీంకోర్టు కూడ జోక్యము చేసికొనలేదు. అవి పరువునష్టపు సెక్షను క్రింద గాక ఇతర సెక్షనుల క్రింద వచ్చిన కేసులు. అయినను పాఠమొకటే. పంపినవాడు ఆ మాటను తనదిగా చేసికొనినవాడు. తన పక్షమును మొదట చెప్పినవాడు న్యాయవంతునిగా కనబడును, ఎదుటివాడు వచ్చి విచారించువరకే (సామెతలు 18:17). సీబా మాట విని, మెఫీబోషెతును ఒక్కమాటయైనను అడుగకయే దావీదు అతని భూములను సీబాకు ఇచ్చివేసెను. తరువాత మెఫీబోషెతు కాళ్లు కడుగక, గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక ఎదురు వచ్చినప్పుడు రాజు సగమే తిరిగి ఇయ్యగలిగెను. దైవభక్తుడైన రాజే ఇట్లు మోసపోయినప్పుడు మనమెంతవారము?

వ్రాసివేసిన తరువాత

తొందరలో వ్రాసిన మాట అబద్ధమని తెలిసినయెడల ఏమి చేయవలెను? వెంటనే తీసివేయుడి. ఎక్కడ వ్రాసితిరో అక్కడనే, ఎందరు చూచిరో అందరి యెదుట, సరిదిద్దుడి. బజారులో నింద వేసి గదిలో క్షమాపణ కోరుట చాలదు. జక్కయ్య అన్యాయముగా తీసికొనిన దానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. వకీలు నోటీసు వచ్చినయెడల దానిని దాచి నిద్రపోవద్దు, కోపముతో మరింత వ్రాయవద్దు. మండల న్యాయ సేవల కమిటీని ఆశ్రయింపుడి. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము దొరుకును. 15100 అను నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ నేరమునకు బెయిలు దొరుకును. దీనికొరకు వారెంటు లేకుండ పోలీసులు అరెస్టు చేయరాదు. నిందపడినవాడు ఒప్పుకొనినయెడల రాజీపడుటకు చట్టమే వాకిలి తెరచియుంచినది. ప్రతివాదితో త్రోవలో నుండగానే సమాధానపడుమని ప్రభువు చెప్పినది (మత్తయి 5:25) ఎంత మేలైన సలహా! కోర్టు మెట్లెక్కిన తరువాత వాయిదాలకు పోయిన కూలిదినములను ఎవరు తిరిగి ఇత్తురు?

మనమే నిందపడినప్పుడు సహా తొందరపడకూడదు. షిమీ రాళ్లు రువ్వి శపించినప్పుడు దావీదు తన సేవకుని కత్తిని ఆపెను. ముందు మనిషిని పంపి మాటలాడుడి. ఆ నింద మన జీవనమును, ఇతరుల క్షేమమును చెరుపుచున్నయెడల న్యాయస్థానమునకు పోవుటకు గడువును మరువకుడి. కాని నిజమైన ఫిర్యాదును నింద యని పేరు పెట్టి అణచుటకు చట్టమును కఱ్ఱగా పట్టకుడి.

ప్రియులారా, ప్రకటన గ్రంథము 12వ అధ్యాయములో సాతానుకు ఒక పేరున్నది. అతడు రాత్రింబగళ్లు సహోదరులమీద నేరము మోపువాడు. యోహాను మొదటి పత్రికలో మన ప్రభువునకు ఒక పేరున్నది. ఆయన తండ్రియొద్ద మన ఉత్తరవాది. మన పాపముల పట్టికంతయు ఎరిగియు, దానిని లోకమునకు చాటింపక, తన మీద వేసికొని సిలువనెక్కెను. అబద్ధసాక్షులు ఆయనమీద లేచిరి, వారి సాక్ష్యములు ఒకదానితో ఒకటి సరిపడలేదు, అయినను ఆయన ఊరకుండెను. మన పేరును ఆయన కాపాడినాడు. మనము వ్రాయబోవు ప్రతి మాటయందు ఈ యిద్దరిలో ఎవరి పని చేయుచున్నామో చూచుకొందము.

కుటుంబ ప్రార్థనలో ఈ నాలుగు ప్రశ్నలను ఒకరినొకరు అడుగుకొనుడి: వ్రాయబోవునది మనము చూచినదేనా? దానివలన ఎవరికి మేలు? అతనితో ముందుగా మాటలాడితిమా, లేక మాటలాడుటకు వీలులేని కారణమున్నదా? అతడు మన యెదుట నిలిచియున్నను ఇదే మాట చెప్పుదుమా?

ప్రార్థింతము: ప్రభువా, మా నోటికి కావలియుంచినట్లే మా వ్రేళ్లకును కావలియుంచుము. మోసపోయినవారికి నిర్భయముగా నిజము చెప్పు ధైర్యమును, కోపపడినవారికి విచారించు ఓర్పును దయచేయుము. మావలన చెడిన పేర్లను నిలువబెట్టు కృపను మాకిమ్ము. ఆమేన్.